ముసలి రాక్షసికి బెల్లం జీళ్లు

ధూమ్రగిరికి మంచు పట్టదు. దాని నెత్తిన ఎప్పుడూ పొగే. ఆ పొగ తెల్లవారే వేళ పావురాయి మెడ రంగులో మెరుస్తుంది, పొద్దెక్కేకొద్దీ రాగిరంగుకు తిరుగుతుంది, సాయంకాలానికి నెమలికంఠపు నీలమై చరియల మీదికి జారుతుంది. ఆ చరియల నిండా ఆకు కనపడకుండా పూసిన మోదుగులు. మోదుగుల సందుల్లోంచి ఏనుగుదంతాల్లా పొడుచుకు వచ్చిన తెల్లరాళ్లు. ఆ రాళ్ల అంచుల వెంట తేనెపట్టులు, వాటి కింద కారి గడ్డకట్టిన తేనె. చూసినవాడికి దేవతల విహారవనం ఇదేనేమో అనిపిస్తుంది. తేనె పక్కన పడి ఉన్న ఎముకలు చూశాక ఆ అభిప్రాయం మారుతుంది.

ఆ దారిన ఒక పొద్దుటి పూట హరితావతి యువరాజు అరిందముడు గరిటె భుజాన వేసుకొని కొండ ఎక్కుతున్నాడు.

యువరాజని చెప్పుకోవలసిందే గాని, చూస్తే ఎవరూ నమ్మరు. కిరీటం లేదు, కత్తి లేదు. మోకాళ్ల పైకి ఎగగట్టిన మసిపంచె, మొహాన బూడిద, గడ్డానికి అతికించిన తాటిపీచు. భుజాన తనంత పొడవున్న ఇనప గరిటె. దాని కొసన ఒక గోరువంక దర్జాగా కూర్చొని ప్రయాణం చేస్తోంది.

"మళ్లీ ఒకసారి చెప్పు" అంది గోరువంక.

"బెల్లం కొట్టి, మునిగీ మునగనట్టు నీళ్లు పోసి పొయ్యి మీద పెట్టాలి. కరిగాక ఇసుకా పుల్లా లేకుండా వడగట్టాలి. మళ్లీ పొయ్యి మీద పెట్టి..." అరిందముడు ఆగిపోయాడు.

"పెట్టి? పెట్టి వేటకు వెళ్తావా?"

"కలుపుతూ ఉండాలి."

"ఎంతసేపు?"

"పాకం అయ్యేదాకా."

"అయినట్టు నీకెలా తెలుస్తుంది?"

"నువ్వు చెబుతావు కదా నాయనమ్మా."

గోరువంక రెక్కలు విదిలించుకుంది. "బాణం ఎప్పుడు వదలాలో కూడా పక్కన ఎవరో ఒకరు చెబితేనే వదులుతావా? ముందు ఆ పిడికిలి సడలించు. నువ్వెంత గట్టిగా పట్టుకున్నా గరిటెను చూసి పాకం భయపడదు."

ఆ గోరువంక అరిందముడి నాయనమ్మ, రాజమాత సౌగంధికాదేవి. కోటలో వంటవాళ్లు ఎందరున్నా, మధ్యాహ్నం పూట తన గది పక్కన చిన్న పొయ్యి రాజేసుకొని ఇంట్లోవాళ్లకు తన చేత్తోనే ఏదో ఒక తీపి చేసిపెట్టేది. ఓనాడు కొబ్బరుండలు, ఓనాడు నువ్వుండలు, వాన పడితే వేడివేడి బెల్లం జీళ్లు. సాముశాల నుంచి చెమటలు కక్కుతూ వచ్చిన మనవడు పళ్లెం ఖాళీ చేసి వెళ్లిపోయేవాడు. పళ్లెం ఎలా నిండుతుందో ఏనాడూ అడిగిన పాపాన పోలేదు.

ఆ ఇంటి మీద వక్రనాసుడనే మాంత్రికుడి కన్ను పడింది. తనకు రాజగురువు పీఠం కావాలన్నాడు. మహారాజు నవ్వాడు. ఆ నవ్వు పెదవుల మీద ఉండగానే ఆయన శిల అయ్యాడు, పక్కనున్న మహారాణి శిల అయింది. కిటికీలో పక్షులకు నూకలు చల్లుతున్న రాజమాత దగ్గరికి వచ్చేసరికి మంత్రం వంకర తిరిగి ఆమె గోరువంక అయింది. వేటకు వెళ్లిన అరిందముడొక్కడూ మనిషిగా మిగిలాడు.

మాయలో పడిన దేన్నయినా మొదటి రూపానికి తెచ్చే విమోచనమణి ఒకటుందని అడవిలో ఒక యోగిని చెప్పింది. ధూమ్రగిరి గుహలో కాలజిహ్వ అనే ముసలి రాక్షసి, ఊడిపోయిన దవడపన్ను గుంటలో దాన్ని దాచుకుంది. పరాయి చెయ్యి బలవంతాన లాక్కుంటే మణి బొగ్గయిపోతుంది. దాచుకున్న రాక్షసే తన చేత్తో బయటికి తీయాలి. ఈ సంగతి విని అరిందముడు కత్తి నూరబోతే, భుజం మీది గోరువంక వాడి చెవి పట్టి గుంజింది. "ఇది కత్తి పని కాదురా, పాకం పని. జిగురు పట్టేలా జీడి చేసి ఆ ముసలిదానికి పెట్టు. మిగతాది జీడే చూసుకుంటుంది" అంది.

యోగిని ఇంకో మాట కూడా చెప్పింది. పక్షిరూపం ముదిరేకొద్దీ రాజమాత మనిషి మాటలు మరిచిపోతుంది. ఆఖరి మాట కూడా పోయిందంటే, ఆ తర్వాత మణి తాకినా గోరువంక గోరువంకే.

కొండ మలుపు తిరిగాక గోరువంక మళ్లీ అందుకుంది. "ఒకటి గుర్తుపెట్టుకో. ముందు మంచి... అదేమిట్రా, చెరకురసం కాచి దిమ్మలు పోస్తారే. నల్లగా."

"బెల్లం."

"ఆఁ, అదే. నీకు తెలుసో లేదోనని అడిగాను."

అరిందముడు నవ్వలేదు. నిన్న ఆమె తన కొడుకు పేరు కోసం తడుముకుంది. వాడు అడుగులు పెద్దవి చేశాడు.

గుహవాకిట రెండు కొండచిలువలు తోరణాల్లా వేలాడుతూ గురకపెడుతున్నాయి. వాటిని చేత్తో పక్కకు తోసుకొని ఒక రాక్షసి బయటికి వచ్చింది. బాన లాంటి పొట్ట, తుమ్మకంప లాంటి జుట్టు, ఏనుగుతోలు చీర, కళ్ల కింద మాత్రం రాత్రంతా నిద్రలేని ఇల్లాలి నలుపు. కాలజిహ్వ కోడలు ఘటోదరి.

"ఎవడ్రా నువ్వు? కాళ్లతో నడిచొచ్చే కూరను ఇదే చూడ్డం" అంది.

"వంటవాణ్నమ్మా. వంటల వీరన్న అంటారు. తమ ఇంట కొలువు దొరుకుతుందేమోనని వచ్చాను."

"నిన్ను తినడానికి పొయ్యి కూడా అక్కర్లేదు. ఇక వంటతో మాకేం పని?"

లోపలి నుంచి రంపం కోస్తున్నట్టు ఒక గొంతు వినిపించింది. "ఏమే ఘటోదరీ, ఎవరే అది? మెత్తగా ఉంటాడా?"

"లేడత్తా. కండపట్టి ఉన్నాడు. నీ చిగుళ్లకు ఆనడు."

"నువ్వు తెచ్చేవన్నీ ఇంతేలే. మీ మామే ఉంటే నాకీ గతి పట్టేదా."

ఘటోదరి నిట్టూర్చింది. ఆ గాలికి అరిందముడి గడ్డంలో సగం ఊడి చెవికి వేలాడింది. "విన్నావుగా. లేచింది మొదలు ఇదే పాట. ఖడ్గమృగం పులుసు పెడితే గట్టిదంటుంది. మెదడు వండిపెడితే చప్పగా ఉందంటుంది. దున్నపోతును మెత్తగా రోట్లో వేసి రుబ్బి పెట్టాను, నీళ్లగా ఉందంది."

"తీపి ఏదైనా పెట్టి చూశారా తల్లీ?" అన్నాడు అరిందముడు గడ్డం అతికించుకుంటూ.

రాక్షసి కళ్లు చిన్నవి చేసి వాణ్ని ఎగాదిగా చూసింది. "మొన్న వర్తకుల బిడారం ఒకటి దొరికింది. వర్తకులు పారిపోయారు. బస్తాలు మిగిలాయి. నల్లటి దిమ్మలు, తెల్లటి గింజలు. ఏం చేసుకోవాలో తెలియక మూలన పడేశాను. సరే, లోపలికి రా. మా అత్తకు నచ్చితే నువ్వు వంటవాడివి. నచ్చకపోతే వంటకానివి."

"ఈ పిట్టో?"

"అది నంజుకోడానికి."

ఘటోదరి ఏనుగును పట్టుకొస్తానని అడవిలోకి దిగిపోయింది. ఆమె వీపు కనుమరుగయ్యేదాకా గోరువంక ఊపిరి బిగబట్టి, అప్పుడు మెల్లిగా అంది: "విన్నావా? హరితావతి రాజమాత నంజుకోడానికట."

ఆ వంటశాల చూసి అరిందముడు తన రాజసభను మరిచిపోయాడు. పైకప్పు కనపడనంత ఎత్తు. దాని నుంచి వేలాడే స్ఫటికపు ఊడలు పొయ్యిమంట వెలుగుకు ఒకటి కెంపై, ఒకటి పుష్యరాగమై మెరుస్తున్నాయి. పొయ్యి అంటే కొండ కడుపులోంచి తన్నుకొచ్చే నిప్పు చుట్టూ నిలబెట్టిన బండరాళ్లు. ఒక గోడ పగులులోంచి వాగు లోపలికి దూకి, నల్లరాతి కాలువ వెంట గలగలమంటూ పారి, అటువైపు చీకటి బిలంలోకి మాయమవుతోంది. మూకుళ్లు, జల్లెళ్లు, చట్రాలు అన్నీ ఏనుగులకు ఊయలలు కాగలంత.

పులితోళ్ల గుట్ట మీద కాలజిహ్వ కూర్చొని ఉంది. మొహం ఎండు ఖర్జూరంలా ముడుచుకుపోయింది. మాట్లాడినప్పుడల్లా అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంటోంది. అయినా వేళ్ల సందుల్లోంచి, ఎడమ దవడలో, పచ్చటి వెలుగు ఒక్కసారి మెరిసి మాయమైంది. అరిందముడు చూడనట్టు తల దించుకున్నాడు.

ఆమె పక్కన మనవరాలు పింగాక్షి. గేదెదూడ అంత ఉంటుంది, కళ్లు రెండూ పసుపుముద్దలు. అది అరిందముడి చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి అడిగింది: "నువ్వు మాట్లాడే కూరవా?"

"ఇంకా కూర కాలేదు పాపా."

"ఎప్పుడవుతావు?"

"పాకం చెడితే."

"అయితే చెడగొట్టు" అని అది బుద్ధిగా బాసింపట్టు వేసుకొని ఎదురుగా కూర్చుంది.

వాడు బెల్లం కొట్టాడు. వడగట్టాడు. మూకుట్లో పోసి, నిచ్చెన ఎక్కి గరిటె తిప్పడం మొదలుపెట్టాడు. బెల్లం వాసన గుహంతా అలుముకునేసరికి కాలజిహ్వ ముక్కుపుటాలు అదిరాయి. "తే" అంది. వాడు ఆగమంటే ఆగలేదు. "రాక్షసుల ఆకలికి ఆగడం ఉండదురా. తే."

వాడు పక్కకు తప్పుకున్నాడు. అది లేతపాకం. ముసలిది మూకుడెత్తి గటగట తాగేసి, మూతి తుడుచుకుంది. "తియ్యగానే ఉంది గాని, ఇదేం తినడమా, తాగడమా? గొంతులోకి పోయింది, నోటికి తెలియనే లేదు."

"తొందరపడింది ఆవిడ. మాట పడింది నువ్వు" అని గోరువంక వాడి చెవిలో నవ్వింది.

రెండోసారి వాడు ముసలిదాని కేకలకు లొంగకుండా చాలాసేపు తిప్పాడు. మరీ చాలాసేపు. గోరువంక ఏదో చెప్పబోయి, మాట దొరక్క, గరిటె మీద అటూ ఇటూ గెంతింది. అది చెప్పేలోగా మూకుట్లో పాకం కస్సుమని నల్లబడి రాయి అయిపోయింది. కాలజిహ్వ ఒక ముక్క చిగుళ్ల మధ్య పెట్టుకొని ఉమ్మేసింది. పింగాక్షి మిగతా ముద్దను బంతిలా చేతిలోకి తీసుకొని గోడకేసి విసిరింది. గోడకు కన్నం పడింది. ఆ కన్నంలోంచి ఎండ లోపలికి వచ్చింది. దూరాన అడవిలో ఒక ఏనుగు ఘీంకరించింది.

"వీడు వంటవాడా, రాళ్లు కొట్టేవాడా?" అంది కాలజిహ్వ. "ఒరే వీరన్నా, మూడోసారి కూడా ఇంతే అయిందనుకో, ఆ మూకుట్లో నిన్నే కూర్చోబెడతాను. పాకం పట్టిన మనిషిని నేనెప్పుడూ తినలేదు."

అరిందముడు మూకుడు కడిగి మళ్లీ బెల్లం వేశాడు. చేతులు బొబ్బలెక్కాయి. బూడిదా చెమటా కలిసి మొహం మీద చారలు కట్టాయి. "నాయనమ్మా, ఈసారి చెప్పు. ఎప్పుడు దింపాలి?" అన్నాడు మెల్లిగా.

గోరువంక వాడి వైపు చూసింది. నోరు తెరిచింది. కిచకిచమంది. తనకే వింతగా అనిపించినట్టు తల పక్కకు వాల్చి, మళ్లీ ప్రయత్నించింది. మళ్లీ కిచకిచే. మూడోసారి మెడ సాచి, ఉన్న బలమంతా కూడదీసుకొని ఒక్క మాట అంది.

"ఇంకా."

వాడు గరిటె తిప్పాడు. పాకం మీద పెద్దపెద్ద బుడగలు లేచాయి. "అయిందా?"

"ఇంకా."

బుడగలు చిన్నవయ్యాయి. పాకం తేనెరంగు నుంచి తాంబూలంలో వేసే కాచు రంగుకు తిరిగింది. "ఇప్పుడు?"

"ఇంకా."

ఆమెకు మిగిలింది ఆ ఒక్క మాటే. ఆ ఒక్క మాటా వాడు చిన్నప్పటి నుంచి పళ్లెం ముందు కూర్చొని అన్న మాటే. వాడు తిప్పుతూ ఉన్నాడు. గరిటె బరువెక్కింది. పాకం అంచులు వదిలి మధ్యకు చేరుతోంది.

"నాయనమ్మా, అయిందా?"

గోరువంక ఏమీ అనలేదు.

పాకం అయిందని ఊరుకుందా, లేక ఆ మాట కూడా మరిచిపోయిందా? వాడికి అర్థం కాలేదు. అడుగుదామంటే మళ్లీ జవాబు రాకపోవచ్చు. ఆలోచిస్తూ నిలబడితే మూకుడు మాడిపోతుంది. అరిందముడు నిచ్చెన దిగి దోసెడు వాగునీళ్లు ముంతలో తెచ్చాడు. గరిటె కొసతో ఒక చుక్క తీసి నీళ్లలో వదిలాడు. చుక్క చెదరలేదు. అడుగుకు దిగి ముడుచుకుంది. వేళ్లతో తీసి నొక్కితే మెత్తగా ఉండ కట్టింది. లాగితే తెగకుండా దారంలా సాగింది. వాడు పొయ్యి దగ్గరికి పరుగెత్తి మూకుడి కిందికి పారతో బూడిద తోసి మంట ఆర్పేశాడు.

వెన్న రాసిన బండ మీదికి గరిటెతో పాకం తోడి, చెయ్యి పట్టేపాటి వేడికి రాగానే అందులో సగాన్ని ముద్దగా చుట్టాడు. ఆ ముద్ద కొమ్ముల పొట్టేలంత ఉంది. గోడలోంచి పొడుచుకొచ్చిన రాతికొమ్ముకు ఒక కొసను తగిలించి, రెండో కొసను పట్టుకొని వెనక్కి నడిచాడు. ముద్ద సాగింది. మళ్లీ మడిచి తగిలించి లాగాడు. నాలుగు లాగులకే వాడి నడుము విరిగినంత పనైంది.

"నేను లాగుతా" అని పింగాక్షి ఎగిరి గెంతి రెండో కొస పట్టుకుంది. అది ఒక్క గుంజు గుంజేసరికి కొమ్ము దగ్గరి కొస పట్టుకొని ఉన్న అరిందముడు గాల్లోకి లేచి, దాని ఒళ్లో పడ్డాడు. అది కిలకిల నవ్వింది. "నువ్వు కూర కాకపోయినా బాగున్నావు. మళ్లీ ఎగురు."

అలా వాడిటూ అదటూ గుంజుతుంటే నల్లటి పాకం కళ్ల ముందే రంగు తేలి, రాగి అయి, పసిడి అయి, చివరికి పొద్దుటి ఎండ లాంటి తాడుగా మెరిసింది. దాన్ని ముక్కలు చేసి వేయించిన నువ్వుల్లో పొర్లించాడు. గుప్పెడు జీళ్లు ఆకులో చుట్టి మొలలో దోపుకున్నాడు. పళ్లెం పట్టుకొని కాలజిహ్వ ముందు నిలబడ్డాడు. సామంతరాజులు కప్పం తెచ్చి నిలబడేటప్పుడు వాళ్లు ఎందుకలా నేలచూపులు చూసేవాళ్లో వాడికి ఇప్పుడు అర్థమైంది.

ముసలిది ఒక జీడి తీసి బుగ్గన పెట్టుకుంది. చప్పరించింది. కళ్లు మూసుకుంది. ముడతలన్నీ ఒక్కొక్కటిగా విచ్చుకున్నాయి. ఇంకొకటి వేసుకుంది. ఇంకో గుప్పెడు వేసుకుంది. "మా అమ్మ..." అని ఏదో మొదలుపెట్టింది.

అంతే. ఆ తర్వాత నోరు తెరుచుకోలేదు.

"మ్మ్" అంది కాలజిహ్వ. దవడలు కదిలించి చూసింది. పైచిగురూ కిందిచిగురూ ప్రాణస్నేహితుల్లా అతుక్కున్నాయి. "మ్మ్మ్మ్" అంటూ రెండు వేళ్లు నోట్లో దూర్చి జీడిని పట్టుకొని లాగింది. అది తాడులా సాగింది. ఇంకా లాగింది. ఇంకా సాగింది. మూరెడు జీడి బయటికి వచ్చాక, దాని మధ్య నువ్వుగింజల నడుమ, పచ్చటి మణి ధగధగమంటూ వేలాడింది.

తన చేత్తో తనే బయటికి తీసింది. ఆ సంగతి ఆమెకు తట్టేలోపలే గరిటె మీది గోరువంక రివ్వున ఎగిరింది. అది మణి కోసమో, నువ్వుల కోసమో ఎవరికీ తెలియదు. ముక్కుతో ఆ ముక్కను తెంపి నోట కరుచుకుంది.

వంటశాలంతా పచ్చటి మెరుపు. ఆ మెరుపు తగ్గాక, పులితోళ్ల గుట్ట మీద, కాలజిహ్వకు ఎదురుగా, నెరిసిన కొప్పుతో, జరీ అంచు చీరతో, బుగ్గ ఉబ్బిపోయిన ఒక పెద్దావిడ కూర్చొని ఉంది.

"నాయనమ్మా" అని అరిందముడు పరుగెత్తి కాళ్లు చుట్టేసుకున్నాడు.

రాజమాత వాడి తల నిమిరింది. వాడి చేతుల బొబ్బలు తిరగేసి చూసింది. కళ్లనీళ్లు కారిపోతుంటే ఏదో చెప్పబోయింది.

"మ్మ్మ్" అంది.

ఆమె నోరు కూడా అతుక్కుపోయింది. పుట్టి బుద్ధెరిగాక నాయనమ్మ ఎదురుగా ఉండీ మాట్లాడకపోవడం అరిందముడు అప్పుడే చూశాడు. ప్రాణాపాయం లేకపోతే ఇంకాసేపు చూసేవాడే. ఆమె మనవడి కళ్లలోని ఆ సంతోషం పసిగట్టి, నోటితో కుదరదు గనుక చేత్తో నెత్తిన ఒక్కటి వేసింది.

అప్పుడే ఘటోదరి లోపలికి వచ్చింది. భుజాన ఏనుగు, ఏనుగు నుదుట అప్పుడే లేచిన బొప్పి. "నరవాసన రెండింతలైందే. అత్తా, ఎవరీ ముసలిది?"

"మ్మ్మ్" అంది కాలజిహ్వ.

"ఏమిటి?"

"మ్మ్మ్మ్."

ఘటోదరి ఏనుగును కింద పడేసింది. ఆమె మొహం మీద మెల్లిమెల్లిగా, పండగపూట ముగ్గు విచ్చుకున్నట్టు ఒక నవ్వు విచ్చుకుంది. "మాట్లాడలేకపోతున్నావా అత్తా? ఒక్క మాట కూడా రావడం లేదా? ఒరే వీరన్నా, ఇదెంతసేపు ఉంటుంది?"

"ఒక పూట ఉంటుంది తల్లీ."

"రోజూ చేసిపెట్టగలవా?"

కోడలి ధోరణి ఎటు పోతోందో చూసి కాలజిహ్వకు ఒళ్లు మండిపోయింది. ఖాళీ అయిన దవడను వేలితో పొడిచి చూపించింది. రాజమాతను చూపించింది. మళ్లీ దవడను చూపించింది. ఘటోదరికి సంగతి అర్థమయ్యేసరికి నవ్వు ఎగిరిపోయి కోరలు బయటపడ్డాయి. ఇంటి సొత్తు పోతే కోడలైనా ఊరుకోదు కదా. గుహ దద్దరిల్లేలా అరిచి ముందుకు దూకింది.

అరిందముడు బండ మీద మిగిలిన పాకాన్ని గరిటెతో నేల మీదికి తోసేశాడు. ఘటోదరి మొదటి అడుగు అందులో పడింది. రెండో అడుగూ పడింది. మూడో అడుగు లేవలేదు. ఆమె ఎంత గుంజుకుంటే కాళ్ల కింద పాకం అంత సాగి, మళ్లీ వెనక్కే లాక్కుంటోంది. చేతికందిన తిరగలి పైరాయి ఎత్తి విసిరింది. అది అరిందముడి చెవి పక్కగా దూసుకుపోయి స్తంభాన్ని విరగ్గొట్టింది. పైనుంచి స్ఫటికపు ఊడలు వానలా రాలాయి.

వాడు నాయనమ్మను ఎత్తుకొని వాగు ఒడ్డుకు పరుగెత్తాడు. అక్కడ కడిగిపెట్టిన గంగాళం ఒకటి పడవంత ఉంది. ఆమెను అందులో దింపి, గరిటె లోపల పడేసి, భుజం ఆనించి తోశాడు. గంగాళం కదల్లేదు. వెనక తిరగలి రెండో రాయి గాల్లోకి లేచింది.

"నేను తొయ్యనా?" అంది పింగాక్షి పక్కన నిలబడి. దాని కళ్లు మాత్రం వాడి మొలలో దోపుకున్న జీళ్ల పొట్లం మీద ఉన్నాయి. వాడు పొట్లం తీసి దాని చేతిలో పెట్టాడు. అది పొట్లాన్ని ఆకుతో సహా నోట్లో వేసుకొని, ఒక్క తోపు తోసింది. గంగాళం విల్లు విడిచిన బాణంలా నీళ్ల మీద దూకి, సుడి తిరిగి, చీకటి బిలంలోకి దూసుకుపోయింది. వెనక పింగాక్షి చెయ్యి ఊపుతూ "మ్మ్మ్" అనడం వాళ్లకు చాలాదూరం వినిపించింది.

బిలంలో గోడల వెంట పచ్చటి నాచు మిణుకుమంటోంది. వాగు అక్కడ ఏరైంది. అరిందముడు గరిటెను తెడ్డుగా పట్టుకొని, బండలు తగలకుండా గంగాళాన్ని అటూ ఇటూ తిప్పుతున్నాడు. రాజమాత గంగాళం అంచు పట్టుకొని, దవడలు ఆడిస్తూ, ఆడిస్తూ, చివరికి గట్టిగా ఒకసారి గుటక వేసింది.

"పాకం బాగానే పట్టావు" అంది.

వాడి ఛాతీ పొంగింది. ఏ యుద్ధంలో గెలిచినా అంత పొంగలేదు. "నిజంగానా?"

"జిగురు కుదిరింది, రంగు కుదిరింది. వడగట్టడమే రాలేదు. ఇంత పలుకురాయి ఉండిపోయింది అందులో. ఉమ్మేద్దామంటే నోరు తెరుచుకోదాయె. మింగేశాను."

అరిందముడి చేతిలో గరిటె ఆగిపోయింది. "పలుకురాయా? ఎంత ఉంది నాయనమ్మా?"

"రేగ్గింజంత." ఆమె ఆగింది. మనవడి మొహం చూసింది. పొట్ట మీద చెయ్యి వేసుకుంది. "అయ్యో. అది రాయి కాదు కదూ."

"మణి. అక్కడ నాన్నగారూ అమ్మా శిలలై ఉన్నారు. వాళ్లకు తాకించాల్సిన మణి."

"అరవకురా. పారేయలేదు కదా, భద్రంగానే ఉంది. ముందు ఆ హోరు ఏమిటో చూడు."

అప్పటికి వాడికీ వినిపించింది. ఎదురుగా బిలం నోరు తెల్లగా వెలుగుతోంది. ఆ వెలుగు దగ్గర ఏరు ఉన్నట్టుండి అంతమైపోతోంది. అవతల ఆకాశం తప్ప ఏమీ లేదు. ఏరు కొండ మీది నుంచి పాతాళంలోకి దూకే చోటు అది. అరిందముడు గరిటెను గోడకేసి అడ్డం పెట్టాడు. గరిటె పుల్లలా విరిగి నీళ్లలో కొట్టుకుపోయింది.

"ఒరేయ్, ఈ గంగాళం వేడెక్కుతోంది" అంది రాజమాత.

కడుపులోని మణి మహిమ వేళ్లలోంచి దిగుతున్నట్టు, ఆమె చెయ్యి పట్టుకున్న చోట గంగాళం అంచు రాగిరంగు పోగొట్టుకుంటోంది. అక్కడ ముందు తెల్లదనం పాకింది. ఆ తెల్లదనం మెత్తబడింది. లోహం మీద నూగు మొలిచినట్టు ఈకలు లేచాయి. చూస్తుండగానే గంగాళం రెండు చెవులూ సాగి, విడివడి, తెరచాపలంత రెక్కలయ్యాయి. ముందువైపు అంచు పైకి లేచి, వంపు తిరిగి, పొడుగాటి మెడ అయింది. ఆ మెడ వెనక్కి తిరిగి, పడవంత రాజహంస ఒకటి, తన వీపు మీద కూర్చున్న ఇద్దరినీ నిద్రకళ్లతో చూసింది.

"నన్ను ముట్టుకున్నది ఎవరు?" అంది హంస. "వక్రనాసుడు చచ్చాడా?"

"ఇంకా లేదు నాయనా. ఆ పని మీదే ఉన్నాం" అంది రాజమాత. నీటి అంచు వాళ్లకు బారెడు దూరంలో ఉంది. ఆమె ఒక చేత్తో మనవణ్ని దగ్గరికి లాక్కొని, రెండో చేత్తో హంస మెడ నిమిరి, ఊళ్లో ఎవరింటి పిల్లవాణ్నో పలకరిస్తున్నట్టు అడిగింది: "నీకు ఎగరడం వచ్చు కదూ?"

హంస రెక్కలు ఒకసారి విప్పి చూసుకుంది. రాక్షసుల గంజి కాగి కాగి అవి ఏ తీరున ఉన్నాయో దానికే తెలియనట్టుంది.

"వచ్చేదమ్మా" అంది. "చాలాకాలమైంది. చూద్దాం."

ఏరు అయిపోయింది.